పెద్ద ప్లేటు మీద ఒకే పాట

ఆ పాట పాడింది మగవాడు. ఇది ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే మొన్న ఒక నెలంతా మా ఇంట్లో గొడవ దీని మీదే. మగవాడే, అదీ జలుబు చేసిన మగవాడు. గొంతు బొంగురుపోయి, ముక్కు మూసుకుపోయి, ఎవరు తొందరపెట్టినా కదలనివాడిలాగా తీరిగ్గా పాడతాడు. ఏ భాషో నాకు తెలియదు. మా ఆయనకూ తెలియదు. "వీనికి ఎవరన్నా మిరియాల కషాయం పెట్టిస్తే బాగుండు" అని పాట వేసిన ప్రతిసారీ అనేవాడు.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద నంబరు గుర్తుపడతాను, అంతే. నేను చెబుతూ ఉంటే మా వీధి చివర ఉండే టీచరమ్మ రాస్తోంది. మాటలు కొంచెం దిద్దుతానంది. దిద్దుకో తల్లీ, పాట సంగతి మాత్రం దిద్దవద్దు అన్నాను.

మాది తిరుత్తణి పక్క ఊరు. వీధి వీధంతా మగ్గాలే. నాకు మామ వరస అయినవాణ్ణే కట్టుకున్నాను, పెళ్ళయినాక కూడా మామా అనే పిలిచాను. ఆయనకు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం చేతకాలేదు. గుంతలో చీమలున్నాయనేవాడు. నా కాళ్ళను కుట్టని చీమలు ఆయన కాళ్ళనే ఎందుకు కుట్టేవో ఆ సుబ్రహ్మణ్యస్వామికే తెలియాలి. మగ్గం నేను నేశాను. ఆయన రేడియో సెట్టు పెట్టాడు. రెండు పెద్ద స్పీకర్లు, ఒక మైకు, గ్రామఫోను ప్లేట్లు తిప్పే పెట్టె ఒకటి, సైకిలుకు కట్టుకుని పెళ్ళిళ్ళకూ చెవులు కుట్టే పండుగలకూ పోయేవాడు.

ఒకే పెళ్ళికి రెండు సెట్ల వాళ్ళు వస్తే ప్లేట్లు కలిసిపోయేవి, తన్నుకునేవాళ్ళు. అందుకని ప్రతి సెట్టువాడూ ప్లేటు నడిమి కాగితం మీద ఎర్ర పెయింటుతో తన గుర్తు వేసుకునేవాడు. మా ఆయన నెమలి గీసేవాడు. చూసిన వాళ్ళందరూ కోడి అనేవాళ్ళు.

ఇక ఆడి నెలలో వచ్చే సుబ్రహ్మణ్యస్వామి పండుగ, ఆడి కృత్తిక సంగతి. మా వీధి వాళ్ళు పూల కావళ్ళు ఎత్తుకుని కొండకు బయలుదేరే ముందు వీధిలో ఆడతారు. పంబ డోళ్ళు కొట్టేవాళ్ళు చేతులు నొచ్చి ఆపినప్పుడు మా ఆయన ప్లేటు వేయాలి. అప్పటి పాటలు మూడు నిమిషాలు. పాట మొదలై రెండు నిమిషాలయితే గానీ మనిషికి ఒళ్ళు పొంగదు. ఒళ్ళు పొంగేసరికి పాట అయిపోతుంది. కావడి ఎత్తుకున్నవాడు కళ్ళు తెరిచి, దారి తప్పినవాడిలాగా దిక్కులు చూసేవాడు. ఒక ఏడు మా వీధి పెద్దాయనకు కోపం వచ్చింది.

"ఏం రా, సామి వచ్చిన టయానికి ముల్లు ఎత్తేస్తివే, సామి ఇప్పుడు యాడ నిలబడల్ల? నీ నెత్తిమీదనా?"

"ప్లేటు అంతే పెదనాయనా. అయిపాయ."

"అయిపోతే ఇంకా పెద్ద ప్లేటు కొనుక్కోని రా పో!"

పెద్దాయన తిట్టడానికి అన్నాడు. మా ఆయన నిజంగానే పోయాడు. మద్రాసులో హార్బరు దగ్గర, ఓడల్లో వచ్చిన పాత సామాన్లు అమ్మే అంగళ్ళలో రెండు రోజులు తిరిగి ఒక ప్లేటు పట్టుకొచ్చాడు. పెద్ద ప్లేట్లు మా ఇంట్లో అంతకు ముందే ఉన్నాయి. కానీ వాటి మీద ఒక్కో వైపు అయిదారు పాటలుంటాయి. దీని మీద ఒక వైపంతా ఒకే పాట. తిప్పి వేస్తే అదే పాట, గొంతు లేకుండా. ఎండలో పట్టుకుని నాకు చూపించాడు.

"ఇదో చూడే, చాళ్ళు ఎంత ఎడంగా ఉండాయో. పలచటి నేత."

"పలచటి నేత ఎవరు కొంటారు మామా, నువ్వు తప్ప?"

ఆయనకు పని నేర్పిన గురువు ఒకే మాట చెప్పాడు: చిన్న ప్లేటుకు వేగం మీట నలభై అయిదు మీద, పెద్ద ప్లేటుకు ముప్పై మూడు మీద పెట్టు. మా ఆయన ముందు నడిమి కాగితం మీద తన కోడిని వేశాడు. పెయింటు ఆరినాక మీట ముప్పై మూడు మీద పెట్టి ముల్లు వదిలాడు.

ఏమి చెప్పను. ముందు నేల కింద ఎవరో నడుస్తున్నట్టు ఒక దెబ్బ. ఆగి ఇంకో దెబ్బ. స్పీకరు వణికింది, గూట్లో గ్లాసులు వణికాయి. తర్వాత ఆ జలుబువాడు పాడాడు. నడుమ గొంతు ఆగిపోయి ఒట్టి దెబ్బలే చాలాసేపు. ఆ దెబ్బలుండే చోటు ప్లేటు మీద కంటికి కూడా తెలిసేది, చాళ్ళు నున్నగా మెరిసేవి. ఆ ఏడు కావడికి ఆయన సరిగ్గా ఆ మెరిసే చోటే ముల్లు పెట్టాడు. వీధి వీధంతా అరోగరా అంటూ ఆడింది, ఎవరికీ అడుగు తప్పలేదు. ఆట అయినాక పెద్దాయన చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇది యా ఊరి పంబ రా?"

"దొరల సీమ పంబ, పెదనాయనా."

"సీమలో కూడా కావడి ఎత్తుతారా?"

"ఎత్తకపోతే ఇంత సేపు ఎందుకు కొడతారు?"

పెద్దాయన ఒప్పుకున్నాడు.

బేరాలు లేని దినాల్లో ఆ పాట నాకు వేసేవాడు. మగ్గం మీద ఎడమ కాలు తొక్కి, నూలు నాడె విసిరి, పలకతో ఒక దెబ్బ. కుడి కాలు, నాడె, దెబ్బ. ఆ పాట నా కాలికి సరిపోయేది. కాదు, నా కాలే దానికి సరిపోయింది, ఏదో ఒకటి. మా కూతురు అప్పుడు ఉయ్యాలలో పిల్ల. ఉయ్యాల తాడు తొక్కుడు చెక్కకు కట్టుకుని నేసేదాన్ని. ఒక వైపు పాట పూర్తయ్యేలోపు పిల్ల నిద్రపోయేది. ఆయన గడప మీద కూర్చుని బీడీ కాలుస్తూ కషాయం మాట అనేవాడు. నేను నవ్వేదాన్ని. ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ నవ్వు. అంతకంటే పెద్ద సంతోషాలు ఇంకా ఏమైనా ఉంటాయేమో, నాకు తెలియదు.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. సెట్టు మూలపడింది. ఆయన ఆటో తోలాడు. ప్లేట్ల పెట్టె అటక ఎక్కింది. పోయిన ఏడు ఆడి నెలలో ఆయన పోయాడు. నేను మగ్గం ఎత్తేసి, గుంత పూడిపించి, తిరువళ్ళూరులో కూతురి ఇంటికి వచ్చాను. కూతురు ఆవడి ఫ్యాక్టరీలో పని చేస్తుంది, పొద్దున రైలుకు పోతే సాయంత్రం వస్తుంది. నేను తెచ్చుకున్నవి రెండు చీరల మూటలు, ఆ ఒక్క ప్లేటు.

ఏడాది తిథి దగ్గర పడింది. ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో పెడతాం కదా, ఆ పాట కూడా పెట్టాలన్నాను. ప్లేట్లు తిప్పే మా పెట్టె ఊరి నుంచి తెప్పించి చూస్తే లోపల తిప్పే బెల్టు కరిగి తారులాగా అయిపోయి ఉంది. కూతురు ప్లేటు మీద ఇంగ్లీషు పేరు చదివి ఫోనులో వెతికింది.

"దొరికింది మా, విను."

విన్నాను. ఎవరో ఆడపిల్ల, బస్సు వెళ్ళిపోతోందన్నట్టు పరుగెత్తుతూ పాడుతోంది.

"ఇది కాదే. మన పాట మగోడు పాడతాడు."

"ఇదే మా. పేరు అదే, కాగితం బొమ్మ కూడా అదే. పాడింది ఆడామెనే అని రాసి ఉంది చూడు."

"రాసినోళ్ళకేం తెలుసు? జలుబు చేసిన మగోడు. మీ నాయన కషాయం పెట్టియ్యమనేవాడు."

కూతురు ఫోను ఆపి, నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది. ఆ చూడటమే నాకు బాగా లేదు. ఆ సాయంత్రం వంటింట్లో అల్లుడు మెల్లగా అంటున్నది విన్నాను. మంచివాడు, చెడ్డ మనసుతో అనలేదు.

"అత్తను ఒకతూరి డాక్టరుకు చూపిస్తాం. మొన్న పొయ్యి మీద పాలు మరిసిపోయినాది. ఇప్పుడు ఇది."

పాలు మరచిపోయిన మాట నిజం. నేను మంచం మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. పాట మరచిపోతే, ఇంక మిగతాది ఎంత నిజం? కషాయం మాట ఆయన అన్నాడా, ఒంటరిగా కూర్చుని నేనే అల్లుకున్నానా? గడప మీద బీడీ? కోడిలాంటి నెమలి? ఆయన ఫోటో మా ఇంట్లో ఒకటే ఉంది, అందులో మూతి బిగించి ఉంటాడు. ఆయన నవ్వు నా తలలో తప్ప ఎక్కడా లేదు. ఆ తలే చెడిపోతే ఆయన ఇంకోసారి పోయినట్టే.

మర్నాడు కూతురితో చెప్పాను. "ఫోను వద్దు. మన ప్లేటునే యాడన్నా వేసి వినిపించు. ఆడది పాడితే డాక్టరు దగ్గరికి నేనే నడిచి వస్తా."

పట్టాభిరామ్‌లో ఒకాయన పాత ప్లేట్ల పెట్టెలు బాగుచేస్తాడని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట. ఆదివారం రైలెక్కాం. ప్లేటును తుండుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. మా పెట్టె కూతురి కాళ్ళ దగ్గర.

ఆ బాగుచేసే ఆయన రైల్వేలో చేసి రిటైరయినవాడు. సొంత ఊరు వెంగల్, వరి పండించే ఇంటివాడు. మన తెలుగే. ప్లేటు చూడగానే ముఖం వెలిగింది. తుడిచి, తన పెట్టె మీద పెట్టి, ముల్లు వదిలాడు.

ఆడపిల్ల. అదే పరుగు.

నా కాలు నేల మీది నుంచి ఒకసారి లేచి, ఎక్కడ పడాలో తెలియక ఆగిపోయింది. కూతురు నా చేయి పట్టుకుంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"సరే పాప, పద. డాక్టరు యాడ ఉండాడు?"

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. పాట బాగాలేక లేస్తున్నామనుకుని, మమ్మల్ని కూర్చోబెట్టడానికి ఆ ప్లేటు కథ ఎత్తుకున్నాడు.

"ఉండు అక్కా, ఇది మామూలు ప్లేటు కాదు. అమెరికాలో డాన్సు ఆడే హాళ్ళుంటాయి కదా, ఆడ చిన్న ప్లేట్లు వేసేటోళ్ళు. మూడు నిమిషాలకు పాట అయిపోతే ఆడేటోళ్ళు నిలిచిపోతారు."

"ఒళ్ళు పొంగేసరికి అయిపోతుంది" అన్నాను నేను.

"అదే! అందుకని ఒకాయన పాటను సాగదీసినాడు, నడుమ ఒట్టి దెబ్బలు పెట్టి. దాన్ని ప్లేటు మీద కోసే దినం చిన్న ప్లేటు చేతికి దొరకలేదంట. పెద్దది ఉంటే దాని మీదే కోసినారు. చోటు శానా ఉంది కదా, చాళ్ళు ఎడంగా పడినాయి. ఎడంగా పడేసరికి సౌండు గోడలు పగిలేటట్ల వచ్చింది. ఆ పొద్దునుంచి డాన్సు పాటలు ఇట్ల పెద్ద ప్లేట్ల మీదే వచ్చినాయి. చూసేకి పెద్ద ప్లేటే గానీ, తిరిగేది మాత్రం శానా వరకు చిన్న ప్లేటు మాదిరి, నలభై అయిదులో."

"నలభై అయిదా?" అన్నాను. "పెద్ద ప్లేటుకు ముప్పై మూడు కదా."

ఆయన నన్ను చూశాడు. ప్లేటు ఆపి, నడిమి కాగితాన్ని కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"నంబరు వేసే ఉండారు అక్కా. ఈ కోడి కడుపు కింద ఉంది."

"కోడి కాదు, నెమలి."

"సరి, నెమలి." ఆయన మీట ముప్పై మూడుకు తిప్పి, ముల్లు మళ్ళీ మొదట పెట్టాడు.

నేల కింద ఎవరో నడిచారు. ఆగి, ఇంకో అడుగు. నా ఎడమ కాలు దానంతట అదే దిగింది. తర్వాత కుడి కాలు. అప్పుడు వచ్చాడు, మా జలుబువాడు, ముక్కు మూసుకుపోయి, ఏ తొందరా లేకుండా. నేను కూతురి వైపు చూశాను. అది నోరు తెరిచి ఇంత పెద్దగా ఆవలించింది. పట్టపగలు, కాఫీ తాగి వచ్చిన మనిషి. దానికి ఏమీ గుర్తు లేకపోయినా ఒళ్ళు మరచిపోలేదు. చెక్క తొక్కినప్పుడల్లా ఊగిన ఒళ్ళు కదా.

"డాక్టరు కావల్సింది నీకు కాదు మా, నాయనకు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "అన్ని ఏండ్లు తప్పు స్పీడులో వేసి ఊరంతా ఆడించినాడు."

నవ్వాను. నవ్వుతూ ఉంటే ఏడుపు వచ్చింది. ఈ మాట ఆయనకు చెప్పాలి కదా. మామా, నీ మగోడు ఆడది, కషాయం ఏమీ వద్దంట అని చెబితే ఎట్లా చూసేవాడో, గడప మీద ఎట్లా తల గోక్కునేవాడో నాకు కనిపించింది. స్పష్టంగా కనిపించింది. అది నేను అల్లుకున్నది కాదు.

కోడిని మందు వేసి తుడిచేస్తే నంబరు బయటపడుతుందన్నాడు ఆయన. ముట్టుకోవద్దన్నాను. మా పెట్టెకు కొత్త బెల్టు వేసి పంపాడు.

తిథి నాడు ఆకు వేసి అన్నీ వడ్డించినాక అల్లుడే పెట్టె దగ్గర కూర్చున్నాడు. మీట మీద వేలు పెట్టి అడిగాడు.

"ఏ నంబరు అత్తా?"

"ఈపొద్దు మీ మామది" అన్నాను.

ముప్పై మూడు మీద పెట్టాడు. ఆకు పక్కన ఒక గ్లాసులో మిరియాల కషాయం కూడా పెట్టాను.

ఆ ఆడపిల్ల పాటను నేను పూర్తిగా తోసేయలేదు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకటి రెండు సార్లు మీట తిప్పి ఆమె వేగంలో కూడా విన్నాను. బాగానే పాడుతుంది పాపం. కాలే ఇంకా కుదరలేదు.