ఓడిపోయే ఉద్యోగం

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాను. హాల్లో మా మనవడు తన కూతురితో క్యారమ్స్ ఆడుతున్నాడు. ఎర్రకాయను గుంత అంచు దాకా తెచ్చి, అక్కడ తప్పించి, "అయ్యో, పోయిందే!" అని తల పట్టుకున్నాడు. పిల్ల వాడి మొహంలోకి కాసేపు చూసింది. "నాన్నా, కావాలనే ఓడిపోతున్నావు కదా?" అని బోర్డు తోసేసి లోపలికి పోయింది. పోయి ఊరుకోలేదు. "అయితే నిన్న నేను గెలిచింది కూడా అబద్ధమేనా?" అని తలుపు చాటు నుంచి అరిచింది. అందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం గుండె దడదడలాడి, నోరు ఎండిపోయి, మంచినీళ్లు అడిగి తాగాను. మా కోడలు బీపీ అనుకుని చేయి పట్టుకుని చూసింది. బీపీ కాదమ్మా, భయం. నీవు పుట్టకముందరి భయం అన్నాను.

మా ఆయన కర్నూలులో పెద్దమనుషుల క్లబ్బులో టెన్నిసు మార్కరు. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు. దొరలూ, మునసబులూ, వకీళ్లూ సాయంత్రం కచేరీ వదిలి వస్తే, వాళ్లతో ఆడటానికి జీతమిచ్చి పెట్టుకున్న ఆటగాడన్నమాట. పొద్దున్నే పుట్టమన్నూ పేడా కలిపి ఆట నేలను అలకడం, సున్నంతో గీతలు గీయడం, తెగిన బ్యాట్లకు నరాలు బిగించడం, పొద్దు వాలాక తెల్ల నిక్కరు తొడుక్కుని ఆడటం, ఇదీ కొలువు. మా పెళ్లిమాటలప్పుడు పాస్టరయ్యగారు ఈ సంగతి చెబితే మా నాయన నమ్మలేదు. "ఆడుకునేటోనికి జీతమిచ్చేది యాడన్నా ఉండాదా అయ్యగారూ? రేపు నిద్రపోయేటోనికి గూడా ఇస్తారంటారేమో" అన్నాడు. నందికొట్కూరు పక్క పల్లెలో కూలికి పోయి చెనిక్కాయలు పీకే మనిషి, ఆయన నమ్మకపోవడంలో తప్పేముంది? చివరికి క్లబ్బు వెనకాల రెండు గదుల ఇల్లు కూడా ఇస్తారని, పెరట్లో బావి ఉందని విని సరేనన్నాడు. కడవ నెత్తిన పెట్టుకుని వంక దాకా నడిచి పెరిగిన నాకు, పెరట్లో బావి అంటే మాటలా! పెళ్లికొడుకును చూడకముందే నేనూ సరేననుకున్నాను.

కాపురానికి వచ్చాక గానీ అసలు సంగతి తెలియలేదు. మా ఆయనకు జీతమిచ్చేది ఆడినందుకు కాదు, ఓడినందుకు. ఆ విద్య నేర్పింది అంతకుముందు మార్కరుగా ఉన్న ముసలి సాయిబు, మా ఆయనకు ఉస్తాదు. "గెలిచేదేముంది బేటా, ఓడేది నేర్చుకో" అని బెత్తం పట్టుకుని నేర్పాడట. బంతి గీత దాటి జానెడు అవతల పడాలి, మూరెడు కాదు. ఒగరుస్తూ పరుగెత్తాలి, అందక పోవాలి, "అబ్బా" అనాలి. మునసబుగారికి మోకాళ్లు వంగవు కాబట్టి బంతి తానే వెళ్లి ఆయన చేతికి అందాలి. వకీలుగారు కచేరీలో కేసు ఓడి వచ్చిన రోజు ఇక్కడ తప్పక గెలవాలి. అందుకని మా ఆయన వకీలుగారి గుమస్తాను ముందే అడిగి తెలుసుకుని మరీ ఓడేవాడు. గెలిచినవాళ్లు చెమట తుడుచుకుంటూ నవ్వుతూ వెళ్లేవాళ్లు. మా ఆయన తాకిన బంతిని తాకేవాళ్లు గానీ ఆయన ముట్టిన చెంబును ముట్టేవాళ్లు కాదనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఉస్తాదే ఒకనాడు రోషం పట్టలేక, ఎవరో దొరను దొరసాని ముందు చిత్తుగా ఓడించాడట. మర్నాడు బంతులు దొంగిలించాడని ఠాణాకు పిలిపించారు. వదిలిపెట్టాక ఆయన కుడిచేయి మళ్లీ భుజం దాకా లేవలేదు. ఆలూరులో కూతురింట్లో చేరి, చనిపోయేదాకా ఎడమ చేత్తోనే అన్నం తిన్నాడు. ఈ కథ మా అత్త నాకు కాపురానికి వచ్చిన వారంలోనే చెప్పింది. చెప్పి, "మొగుడు ఓడాలని ప్రార్థన చెయ్ మే" అంది. అలా నేను రోజూ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని, గోడ అవతల బంతి చప్పుడు వింటూ, దేవుడా ఈయన్ను ఓడించు, ఓడించు అని వేడుకునేదాన్ని. భర్త ఓటమి కోసం మొక్కుకున్న పెళ్లాం ఈ లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. బంతి చప్పుడు తొందరగా ఆగితే హమ్మయ్య అనుకోవడం, ఆగకుండా టకటకమని సాగితే ఈ మనిషికి హుషారు పుట్టిందేమోనని వణకడం. సంగటి ఎన్నిసార్లు మాడ్చానో.

అట్లా నడుస్తుండగా కొత్త కలెక్టరు దొర వచ్చాడు. పొడుగాటి మనిషి, నవ్వడు. వాళ్ల దేశంలో కాలేజీ తరఫున ఆడినవాడట. తెలుగు పరీక్ష ప్యాసై వచ్చాడు కాబట్టి అచ్చు పుస్తకంలా మాట్లాడేవాడు. మా ఆయన ఆయనకూ మర్యాదగా ఓడుతూ వచ్చాడు. ఒక సాయంత్రం దొరకు ఆరు నాలుగుతో ఓడి, వెంటనే మునసబుగారికీ ఆరు నాలుగుతో ఓడాడు. మామూలుగా అంత పొరపాటు చేసే మనిషి కాదు. నాకు నెలలు నిండాయి, ఆయన మనసు ఇంటి మీద ఉంది. వరండాలో పేముకుర్చీలో కూర్చున్న దొర అది చూశాడు. మా ఆయనను పిలిచి, "మునసబుగారు నడువలేరు. నేను పరుగెత్తెదను. ఇద్దరికిని నీవు ఒకే విధముగా ఓడుట యెట్లు సంభవము?" అన్నాడు. "రేపు సాయంకాలము నీ నిజమైన ఆట ఆడవలెను. నాకు ఒక్క బంతి దానము చేసితివా, నీకు ఈ కొలువు లేదు, ఈ ఇల్లు లేదు" అని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఓడితే ఇల్లు పోతుంది. గెలిస్తే ఉస్తాదుకు అయిన గతి. నిండు చూలాలిని, బావి గట్టు మీద కూర్చుని ఈ నీళ్లు రేపు ఎవరు తోడుకుంటారో అనుకున్నాను. మా అత్త కొడుకు గడ్డం పట్టుకుని, "ఓడిపో నాయనా. ఎవుడైనా గెలిస్తే సంతోషపడతాడు గానీ కోపం చేసుకుంటాడా? దొరలు నోటితో ఒకటి అంటారు, కడుపులో ఒకటి పెట్టుకుంటారు" అంది. "ఏమన్నా చెయ్యి గానీ, ఆ చేయి పోగొట్టుకోవద్దు" అన్నాను. అప్పటిదాకా బ్యాటుకు నరం బిగిస్తున్న మనిషి పని ఆపాడు.

"అది కాదు మే నా భయం. ఉస్తాదు నాకు ఓడేది నేర్పించినాడు. నిజంగా ఆడమంటే నాకు ఆట వస్తాదో రాదో నాకే తెలీదే" అన్నాడు.

నిజమే, ఆయనకు ఎట్లా తెలుస్తుంది? మద్రాసులో పెద్ద పోటీలు జరుగుతాయి గానీ, జీతానికి ఆడేవాళ్లను వాటిలోకి రానివ్వరట. అవి ఊరికే ఆడే పెద్దమనుషులకట. మా ఆయన బతుకుతెరువు అంతా ఆటే, అయినా ఒక్కసారైనా ఆడి చూసుకున్నది లేదు.

సాయంత్రానికి క్లబ్బు వరండా నిండిపోయింది. నేను కంచె సందులోంచి చూశాను. మా అత్త నా భుజం గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. మొదటి ఆటలోనే మా ఆయన కొట్టిన బంతి గీతకు సరిగ్గా జానెడు అవతల పడింది. దొర బ్యాటు దించాడు. మెల్లగా వల దగ్గరికి నడిచి వచ్చి, ఇదొక్కటే, ఇంకొకటి లేదన్నట్టు ఒక వేలు పైకెత్తి చూపించాడు. ఆ ఆట దొరదే అయింది. కడుపులో బిడ్డ కదిలింది, నేను అరవబోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ తరువాత ఏమైందో నేను సరిగా చెప్పలేను. మా ఆయన ఒంగున్న నడుము నిటారైంది. రోజూ ఒగరుస్తూ పరుగెత్తే మనిషి, అసలు పరుగెత్తకుండానే బంతి దగ్గర ఉన్నాడు. బంతి గీతను తాకి సున్నం లేచేది. మళ్లీ అదే చోట, మళ్లీ సున్నం. దొర ఆ మూలకూ ఈ మూలకూ తిరిగి తిరిగి, మొహం కందగడ్డలా అయి, చివరికి అందదని తెలిసిన బంతులను నిలబడి చూశాడు. మా ఆయన మొహంలో జాలి లేదు, కోపం లేదు, మర్యాద కూడా లేదు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. దొరను చూసి కాదు, ఆయన్ను చూసి నాకు భయం వేసింది. ఈ మనిషితోనా నేను కాపురం చేస్తున్నది అనిపించింది. మొదట పోయిన ఆ ఒక్క ఆట తప్ప దొరకు ఇంకేమీ దక్కలేదు.

దొర వల మీదుగా చేయి చాచాడు. మా అత్త కళ్లు తెరిచి, ఆ చేయి చూసి, కొడుతున్నాడనుకుని "అయ్యో" అని కూలబడింది. కొట్టలేదు. మా ఆయన చేయి పట్టుకుని ఊపి, "ధన్యుడను" అన్నాడు, నవ్వాడు కూడా. మేము ఇంట్లో ఏడ్చాం, నవ్వాం, ఆ పూట సంగటి కడుపునిండా తిన్నాం. గండం గడిచిందనుకున్నాం. ఎంత పిచ్చివాళ్లం!

మర్నాడు మునసబుగారు వచ్చారు. మామూలుగా కూర్చుని కబుర్లు చెప్పే మనిషి, కూర్చోలేదు. "ఏమప్పా, ఇన్నాళ్లూ నన్ను ఆడించినావా, నాతో ఆడినావా? నాతో గూడా నిన్నటి ఆట ఆడు చూద్దాం" అన్నారు. మోకాళ్లు వంగని మనిషితో ఆ ఆట ఎట్లా ఆడతాడు? పాత పద్ధతిలోనే ఓడాడు. "నేనేమన్నా కుంటోన్నా, ఎగతాళి చేస్తాండావా?" అని మునసబుగారు బ్యాటు విసిరేసి పోయారు. వకీలుగారికి అట్లా కాకూడదని నిజంగానే ఆడి గెలిచాడు. వకీలుగారు బూట్లు విప్పుకుని వెళ్లారు, మళ్లీ రాలేదు. ఇంకొకరు, ఇంకొకరు. ఓడినా కోపమే, గెలిచినా కోపమే. ఏళ్ల తరబడి ఇంటికి వెళ్లి పెళ్లాం పిల్లలకు చెప్పుకున్న గెలుపులన్నీ ఒక్క సాయంత్రంలో బూడిదైపోతే ఎవరు ఊరుకుంటారు! మేము దొరకు భయపడ్డాం గానీ, భయపడవలసింది మనవాళ్ల గెలుపులకని తెలియలేదు. దొర ఆ నెలాఖరుకే బదిలీ అయి పోయాడు. మా ఆయన మాత్రం రోజూ అలికి, గీతలు గీసి, నిక్కరు తొడుక్కుని ఎదురు చూసేవాడు. గోడ అవతల బంతి చప్పుడు వినిపించని సాయంత్రాలు ఎంత భయంగా ఉండేవో చెప్పలేను. మా పెద్దోడు పుట్టిన కొన్నాళ్లకు క్లబ్బు సెక్రటరీగారు వాకిట్లోకి వచ్చి, "ఆడేటోళ్లే లేరు గదప్పా, మార్కరెందుకు?" అన్నారు. పచ్చి బాలింతను, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కడప బస్సెక్కాను.

కడప క్లబ్బులో అడిగితే రమ్మన్నారు. మొదటి రోజు ఆయన ఆటకు పోతే నేను వాకిలి దగ్గరే నిలబడ్డాను. చీకటి పడుతుండగా వచ్చి, చెంబు తీసుకుని కాళ్లు కడుక్కున్నాడు.

"ఎట్ల ఆడినావు?" అన్నాను.

"శానా బాగా ఓడిపోతిలే" అన్నాడు.

నా ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడినందుకే లోపలికి పోయి ఏడ్చాను. ఆ తరువాత యుద్ధం వచ్చింది, దొరలు పోయారు, క్లబ్బు మీద మన జెండా ఎగిరింది, మన ఆఫీసర్లు తెల్ల ప్యాంట్లు వేసుకుని వచ్చారు. వాళ్లకూ అంతే మర్యాదగా, గీతకు జానెడు అవతల కొడుతూ, జుట్టు నెరిసేదాకా ఓడాడు. మళ్లీ ఎవరూ ఆయన్ను నిజంగా ఆడమని అడగలేదు. అడగకూడదని నేను రోజూ మొక్కుకున్నాను. ఆయనతో నలభై ఏళ్లకు పైగా కాపురం చేశాను గానీ, ఆయన్ను నేను చూసింది మాత్రం కంచె సందులోంచి, ఆ ఒక్క సాయంత్రం, పొద్దు గుంకేలోపల.