వినని కాంభోజికి చప్పట్లు

“ఏమప్పా, నిన్న నేను శానా బాగా వాయించినానంట గదా?”

పొద్దున్నే ఫోన్లో రత్నం మాస్టారి గొంతు. బళ్లారిలో శాస్త్రీయ సంగీతాన్ని క్లారినెట్ మీద వాయించే పెద్దాయన. నేనప్పుడు బ్రూస్‌పేటలో టీ కొట్టు ముందు నిలబడి, ఆయన కచేరీ మీద నా పేరుతో అచ్చయిన వార్తను మళ్లీ మళ్లీ చదువుకుంటూ, అత్తారింట్లో కొత్త అల్లుడిలా మురిసిపోతున్నాను. ఆ వార్త కింద పడి నా పరువు ఎలా నలిగిందో చెప్పబోతున్నాను. నలిగింది నా పరువొక్కటే అయితే చెప్పడానికి ఇంత సిగ్గుండేది కాదు.

“అవును సార్. అందరూ అదే అంటాండారు,” అన్నాను.

“ఎవురప్పా ఆ అందరూ?”

“అంటే... జనాలు సార్.”

“కాంభోజి వాయిస్తాంటే జనాలు తలలూపినారని, ఆకర్న శాలువా కప్పినారని రాసినావు. గంటన్నర సేపు గుక్క తిప్పుకోలేదని రాసినావు. గుక్క తిప్పుకోకుంటే ఈ పొద్దు నన్ను సమాధుల తోటకు మోసకపోయేటోళ్లు. నిన్న వాయించింది నేను కాదప్పా. మా సరోజ.”

టీ గ్లాసు చేతిలోనే ఉంది గాని, నేను జారిపోయాను.

అసలు సంగతి చెప్పాలి. మా పేపరు అచ్చయ్యేది వేరే ఊళ్లో. సరిహద్దు జిల్లా కదా, బళ్లారి పేజీని అందరికన్నా ముందే మూసేసేవాళ్లు. సాయంత్రం కచేరీ వార్త మర్నాడు రావాలంటే కచేరీ మొదలవకముందే పంపాలి. ఇది మా విలేకరుల వంటింటి రహస్యం. మంత్రిగారి సభకు కూడా ముందే ‘ప్రసంగించారు’ అని రాసి పంపేవాళ్లం. అందులో ప్రమాదం లేదు, మంత్రి ప్రసంగాన్ని ఆపగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

క్లారినెట్ దారి వేరు. దాని మూతిని పైపళ్లకు ఆనించి ఊదాలి. మాస్టారు ఆ మధ్యాహ్నం చెక్కలాంటి గట్టి నిప్పట్టు కొరికారు. అప్పటికే ఊగుతున్న ముందు పన్ను నిప్పట్టుతో పాటే వచ్చేసింది. దాంతో ఆయన దగ్గర ఏళ్లుగా నేర్చుకుంటున్న సరోజ వేదిక ఎక్కింది. అది ఆ అమ్మాయి తొలి కచేరీ. ముందురోజే మాస్టారిని అడిగి రాగాల పేర్లు రాసుకున్న నేను, వార్త పంపేసి, అదే సమయానికి ఒక పెళ్లి రిసెప్షన్లో హోళిగె బొబ్బట్టు మీద నెయ్యి పోయించుకుంటున్నాను. కచేరీ లేదు, కాంభోజి లేదు, చప్పట్ల పేరు సోమలింగం.

“నా పేరు పడితే నాకేం నొప్పి లేదప్పా,” అన్నారు మాస్టారు. “ఆ పిల్ల నాయన హచ్చొళ్ళి కాడ నాట్లు ఇడిసిపెట్టి రాలేకపోయినాడు. ‘పేపర్లో మెచ్చుకుంటే ఇంకో ఏడాది నేర్చుకో, లేకుంటే ఆ గొట్టం పక్కన పెట్టు’ అని చెప్పిండాడు. ఈ పొద్దు ఆయప్ప పేపరు తెరిస్తే నా మొకం ఉండాది.”

“రేపే సవరణ వేయిస్తా సార్.”

“వేయించు. ఇంగొకటి. తెల్లోళ్ల దండు బ్యాండులో ఉన్న ఈ వాద్యం కచేరీలోకి ఎట్లొచ్చిందని నేను పరిశోధన చేస్తాండా గదా. సగం పాత పేపర్లు సూసి రాసిందే. ఇప్పుడు అనుమానం పట్టుకునింది.”

“ఏం అనుమానం సార్?”

“అవి రాసినోళ్లు కచేరీకి పోయింటారా అని.”

“సవరణ ఇప్పుడే రాస్తా సార్,” అని ఫోన్ పెట్టేశాను.

సవరణను మాత్రం శ్రద్ధగా రాశాను. సరోజ పేరు, ఊరు, తండ్రి పేరు, పన్ను సంగతి, అన్నీ. మర్నాడు పేపరు చూస్తే ఒకే వాక్యం: ‘మొన్నటి కచేరీలో రత్నం మాస్టారు వాయించలేదని తెలియజేస్తున్నాం.’ డెస్కుకు ఫోన్ చేశాను.

“నగల దుకాణం ప్రకటన వచ్చిందన్నా, కొంచెం తగ్గించినాం. సారం ఉంది గదా,” అన్నాడు అక్కడి కుర్రవాడు.

“సారం ఆ పిల్లేనప్పా. మళ్లీ వేయండి.”

“సవరణకు సవరణ వేస్తే పేపరు పరువేం కావాలన్నా?”

మధ్యాహ్నానికల్లా మాస్టారిని వీధిలో ఆపి అడుగుతున్నారట: “ఏం సార్, వాయించకుండానే శాలువా కప్పించుకున్నారంట?” అడుసు తొక్కడంతో ఆగకుండా, అదే అడుసుతో కాలు కడిగినవాణ్ణి నేను.

ఇక బండి తీసుకుని హచ్చొళ్ళి పోయాను. సరోజ తండ్రి సూర్యనారాయణ గారు, కాలవ కింద సాగు కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు, మోకాటి దాకా బురదతో గట్టెక్కారు.

“కూర్చోండి. కుర్చీ లేదు, గట్టుంది. మా అమ్మాయి వాయించిందంటారు?”

“బ్రహ్మాండంగా వాయించిందండీ.”

“మీరు విన్నారా?”

కాలవ వైపు చూస్తూ ఒప్పుకున్నాను.

“లేదండీ.”

“అంటే, వాయించని ఆయన వాయించాడని రాశారు. మీరు విననే వినని మా పిల్ల కచేరీ బ్రహ్మాండమంటున్నారు. ఇందులో దేన్ని నమ్మమంటారు బాబూ?”

జీవితంలో ఎన్నో ప్రశ్నలు వేసి పొట్టపోసుకున్నవాణ్ణి. అంత మంచి ప్రశ్న నేనెవరినీ అడగలేదు.

అన్నం క్యారియర్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డ సరోజ అంతా వింటోంది. తిట్టి ఉంటే బాగుండేది. “ఆయన్నొదిలెయ్ నాన్నా, అన్నం తిను,” అని, నా వైపు తిరిగి నెమ్మదిగా అంది: “మీరూ తినండి సార్. బాగుందని మాత్రం తిన్నాక చెప్పండి.”

తిన్నాను. బాగుంది.

ఆ గట్టు మీదే, కొత్తగా నాటిన వరి సాక్షిగా ఒట్టేసుకున్నాను: మంగళం అయిపోయి మైకుసెట్టతను వైర్లు చుట్టేదాకా ఏ కచేరీ మీదా అక్షరం రాయను. పంటి క్షేమం కనుక్కోకుండా ఏ క్లారినెట్ విద్వాంసుణ్ణీ పొగడను.

మాస్టారు స్వయంగా పోయి చెప్పాక సూర్యనారాయణ గారు ఇంకో ఏడాదికి ఒప్పుకున్నారు. సరోజ ఇప్పుడు దోణిమలైలో పిల్లలకు క్లారినెట్ నేర్పుతోంది. ఆమె తొలి కచేరీ మీద మా పేపర్లో ఉన్నవి రెండే వార్తలు. ఒకటి మాస్టారు వాయించారని, రెండోది ఆయన వాయించలేదని. సరోజ వాయించిందని ఆ పేపర్లో ఇప్పటికీ ఎక్కడా లేదు.