పింకీ గిన్నెలో లేని నెయ్యి

తాయారు వంటింటికీ ముందుగదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అవతల ఆమె భర్త జోగారావు ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం ట్యూషన్ చెబుతాడు. కాకినాడ నుంచి ఇబ్రహీంపట్నం వచ్చి స్థిరపడ్డాక ఆమె బతుకంతా గోడకు ఇవతలే గడిచింది. ఇక్కడ పోపు వేగుతుంటే అక్కడ లిపిడ్ల పాఠం నడిచేది. కణానికి పొర కట్టేది కొవ్వేనట. రెండు వరుసలుగా నిలబడుతుందట. నీళ్లంటే ఇష్టమున్న తలలు బయటికి, ఇష్టంలేని తోకలు లోపలికి. నరాలకు తొడుగు కూడా ఎక్కువగా కొవ్వేనట. తన మొగుడికి ఇన్ని సంగతులు తెలుసని ఆవిడకు మహా గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది.

నిరుడు రక్తపరీక్షలో జోగారావుకు కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. సెల్‌ఫోన్‌లో ఎవడో నూనె చుక్క కూడా విషమేనని చెప్పిన మాట పట్టుకుని, ఇంట్లో నూనె, నెయ్యి అన్నీ బంద్ చేశాడు. తాను మానుకుంటే ఎవరు కాదంటారు? కానీ ఆ ఇంట్లో మొదట్నుంచీ అందరికీ ఒకటే వంట. కూతురు నీహారిక కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీ పనికి పోతూ వదిలివెళ్లే తన చంటిది పింకీకి కూడా అదే చారు, అదే పొడి అన్నం.

"పసిదానికి పప్పులో కాస్త నెయ్యి వేస్తే ఏం పోతుందండీ?"

"నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆ ఒక్క ప్రశ్నతో తాయారు నోరు మూతపడేది. పాల మీది మీగడ ఆయన స్వయంగా తీసి పారబోసేవాడు. పింకీ చర్మం పొలుసులు కట్టింది, జుట్టు పీచులా అయింది. ఏడాదిన్నర వచ్చినా నిలబడలేదు. మా వంశంలో అందరికీ నడక ఆలస్యమేనని కొట్టిపారేశాడు.

చివరికి నీహారికే అందరినీ దవాఖానకు లాక్కెళ్లింది. పింకీ బరువు చూసి, ఏం పెడుతున్నారో విని డాక్టరమ్మ మండిపడింది.

"పసిపిల్లకు మీగడ గూడ తీసి పోస్తరా? గీ వయసుల మెదడు పెరగాలంటే కొవ్వు కావాలె. సార్, మీరేం పని చేస్తరు?"

జోగారావు నేల చూశాడు. జీవశాస్త్రం పాఠాలు చెబుతారని తాయారే చెప్పింది.

డాక్టరమ్మ చీటీ మీద పింకీ బరువు రాసింది. "బరువైతే ఎక్కుతది. మిగిలింది ఎంత పూడుతదో ఇప్పుడే చెప్పలేను" అంది.

నీహారిక తండ్రిని పల్లెత్తు మాట అనలేదు. పిల్లను భుజాన వేసుకుని తల్లి వైపు తిరిగింది. "ఆయన సంగతి తెలిసిందే. నీకు చేతుల్లేవా అమ్మా? ఒక్క చెంచా చాటుగా వేయలేకపోయావా?"

మర్నాటి నుంచి పింకీని తీసుకురావడం మానేసింది. తాయారుకు మొగుడి మీద కన్నా తన మీద తనకే ఒళ్లు మండింది. పాఠం చెప్పే మనిషిని నమ్మింది గానీ, ఇన్నేళ్లు విన్న పాఠాన్నీ, కళ్ల ముందు ఎండిపోతున్న పిల్లనూ నమ్మలేదు.

పోపు లేని ఆ వంటింట్లోకి మొన్న సాయంత్రం మళ్లీ లిపిడ్ల పాఠం వినబడింది. మంచాల ఊరి నుంచి ట్యూషన్‌కు వచ్చే ఉమ్మే కుల్సుమ్ లేచి అడిగింది.

"సార్, గన్ని పనులు చేస్తదంటున్రు. మరి కొవ్వు మంచిదా, చెడ్డదా?"

"అది పరీక్షలో రాదమ్మా. రాసుకోండి."

తాయారు గరిటె పక్కన పడేసి, పాఠం మధ్యలో మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది.

"వస్తుందమ్మా. మా ఇంట్లో వచ్చింది. మీ సారు ఫెయిలయ్యారు. ఆయన్ని చూసి రాసి నేనూ ఫెయిలయ్యాను."