మన్నించమని ఎవరిని అడగాలి

ఇరాక్ సైన్యం కువైత్‌లో దిగిన ఏడాది నేను అక్కడి బ్నీద్ అల్ గార్ పేటలో ఒక తెల్లదొర దగ్గర వంటవాణ్ణి. తెల్లవాళ్లు కనిపిస్తే సైనికులు పట్టుకుపోతున్నారు. అందుకని సారు ఫ్లాట్‌లో పరదాలు దించుకుని దాక్కున్నాడు. రొట్టె కోసం లైన్లో నిలబడేది నేను. మనవాళ్లంతా బస్సులెక్కి జోర్డాన్ దారి పడుతుంటే నేను కదల్లేకపోయాను. నా పాస్‌పోర్ట్ తన కంపెనీ బీరువాలో ఉందనీ, అక్కడ సైనికుల కాపలా ఉందనీ సారు చెప్పాడు. వెర్రివాడిలా నమ్మాను.

నా భార్య ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసేది. అప్పటికి కడుపుతో ఉంది.

"నువ్వు పో మే. పాస్‌పోర్ట్ దొరికినాంక నేనొస్తా" అని ఒంటరిగా బస్సెక్కించాను. కోపంతో ఆమె నా వైపు చూడనైనా లేదు.

సారు యూదుడని తెలిసింది ఆ తర్వాతే. ఆ ఊళ్లో అది పైకి అనగలిగే మాట కాదు. వాళ్ల కొత్త సంవత్సరం రోజున పెట్టె అడుగు నుంచి పొట్టేలు కొమ్ము తీశాడు. మనిషి తన తప్పులు తలచుకునేలా దాన్ని గట్టిగా ఊదాలట. కింద సందులో సైనికులున్నారు. ఆయన కొమ్మును పెదవులకు ఆనించి ఊపిరి మాత్రం వదిలాడు. దేవుని కడప గుడిలో గంటలన్నీ మోగినా నాకు రాని భక్తి ఆ చిన్న చప్పుడుకు వచ్చింది. పిండి కలుపుతున్నవాణ్ణి చేతులు జోడించాను.

కొన్నాళ్లకు వాళ్ల పెద్ద ఉపవాసం వచ్చింది. ఆ మధ్యాహ్నం వంటగదిలోకి వచ్చి నా ముందు నేలమీద కూర్చున్నాడు. చేతిలో నా పాస్‌పోర్ట్. అది ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉంది. నేను వెళ్లిపోతే తనకు తిండి తెచ్చేవాళ్లుండరని దాచాడట.

"దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు. మనిషికి చేసింది ఆ మనిషే మన్నించాలి. మాఫ్ కరో" అన్నాడు తన వచ్చీరాని హిందీలో.

నా ఒళ్లు మండిపోయింది. "నీ రొట్టె కోసరం కడుపుతో ఉండే దాన్ని ఒంటిగా పంపిస్తివి గదరా" అని గొంతు చించుకుని అరిచాను. నా కడప తిట్లు ఆయనకు ఒక్కటీ అర్థం కావు. కిందివాళ్లు వింటే ఆయన పని అంతే. అయినా ఆయన నా నోరు మూయలేదు, మెల్లగా అనమని సైగైనా చేయలేదు. తల వంచుకుని చివరిదాకా విన్నాడు. ఎవరూ పైకి రాలేదు. దేవుడనేవాడు ఉంటే ఆ కాసేపూ ఆ వంటగదిలోనే ఉన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. నేను వెళ్లేముందు ఆయన మళ్లీ అడిగితే సరే అనేశాను.

జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో నా భార్య దొరికింది. దారిలోనే కడుపులో బిడ్డ పోయింది. ఆమె పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. మన్నించమని సారు నేలమీద కూర్చుని మరీ అడిగాడని కూడా చెప్పాను.

ఆమె అప్పుడు నా వైపు చూసింది.

"నిన్నెందుకు అడిగినాడు?" అంది. "నన్ను గదా అడగాల్సింది."