తాసిల్దారుగారు మా ఇంటికొచ్చిన రోజు

మా నాన్నగారు ఏలూరు తాలూకా కచేరీలో గుమాస్తా. పందొమ్మిది వందల ముప్ఫైలలో ఒక వానాకాలం, తాసిల్దారుగారి క్యాంపు వెంట కొల్లేటి లంకలకు వెళ్ళారు. పడవ బురదలో దిగబడితే, తాసిల్దారుగారు కుర్చీలోనే కూర్చున్నారు; గుమాస్తాలు నడుంలోతు నీళ్ళలో దిగి నెట్టారు. అక్కడ పట్టుకున్న చలిజ్వరమే చివరికి నాన్నగారిని తీసుకుపోయింది.

మంచాన పడ్డ మనిషికి కాలక్షేపంగా ఉంటుందని, నేను లైబ్రరీ నుంచి ఓ రష్యా కథల పుస్తకం తెచ్చి, ఇంగ్లీషులోంచి తెలుగు చేసి చెబుతూండేవాణ్ణి. అన్నీ పోయిన శతాబ్దపు కథలు. జార్ల కాలం నాటి ఆఫీసులు, పై అధికారి నీడ కనబడితే వంగిపోయే గుమాస్తాలు. నాన్నగారు దగ్గు తెర వచ్చేదాకా నవ్వేవారు.

"అంత చలిదేశంలోనూ ఇదేనట్రా? మనిషన్నాక వెన్నెముక ఉండొద్దుట్రా?" అనేవారు.

అలా నవ్వుకున్న మర్నాడే తాసిల్దారుగారు పరామర్శకు వచ్చారు. రావడం ఆయన మంచితనమే, కాదనను. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ వేశాను. ఆయన కూర్చునే లోపే నాన్నగారు మంచం మీంచి కింద చాప మీదకు జారిపోయి, గోడకు చేరబడి చేతులు కట్టుకున్నారు.

"పడుకోవయ్యా, పరవాలేదు" అన్నారు తాసిల్దారుగారు.

"చిత్తమండీ" అన్నారు నాన్నగారు. పడుకోలేదు.

ఆయన వెళ్ళిపోయాక నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్న మీరు నవ్వింది ఎవర్ని చూసి అని అడిగేద్దామనుకున్నాను. ముందు మంచం ఎక్కిద్దామని చెయ్యి వేస్తే నాన్నగారి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. వద్దని తల ఊపారు. చూపు వీధిగుమ్మం మీదే ఉంది.

"ఆయన బండి మలుపు తిరిగిందేమో చూసి రారా" అన్నారు.