అక్క చేతికి తెలియాల్సిన జడ

సవరాలావిడ ఒక్క వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. మామూలుగా అయితే నలుపుతున్నకొద్దీ వెంట్రుక ఒకవైపుకు మెల్లగా పాకుతుంది. పాకే వైపు మొదలు, రెండోది కొస. రాలిన జుట్టుతో సవరం కట్టాలంటే మొదళ్ళన్నీ ఒకే వైపుకు రావాలి. నాలుగు తలకిందులుగా కలిసినా వారం తిరక్కుండా ఉండ కట్టుకుపోతుంది. ఈ వెంట్రుక మాత్రం ఎటూ కదలకుండా జారి ఒళ్ళో పడింది.

"ఇది మూగజుట్టు మేడం. ఏది మొదలో ఏది కొసో చెప్పడం లేదు."

ఎదురుగా కుర్చీలో కూర్చున్నావిడ లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. వీధిలో ఇప్పటికీ లైబ్రరీ మేడం అనే అంటారు. ఒళ్ళో బిస్కెట్ల డబ్బా, దాని నిండా దువ్వెనకు వచ్చినప్పుడల్లా చుట్టి దాచుకున్న జుట్టు.

"సీసాలు వాడిన రోజుల్లో రాలిందమ్మా. షాంపూ, రంగు, పైన మెరవడానికి ఇంకో క్రీము. రెండేళ్ళైంది అన్నీ మానేసి కుంకుడుకాయలకు మారాను. రాలడం ఆగింది. పోయింది మాత్రం తిరిగి రాలేదు."

ఆమె తలమీద మిగిలింది పిలకంత, అదీ తెల్లగా. డబ్బాలోది నల్లగా ఉంది.

"రంగు కలవదు మేడం. మీ తలకి సరిపోయేది నా దగ్గరుంది. రెండ్రోజుల్లో ఇస్తాను."

"రంగుతో పనిలేదు. మా అక్కకి చూపు లేదు." డబ్బా మూత పెట్టి మళ్ళీ తీసింది. "నన్ను పెంచింది తనే. ఉద్యోగంలో చేరాక కూడా జడ తనే వేసేది. ఇప్పుడు ఫోన్లోనే మాటలు. జడెలా ఉందే అంటుంది, ఉందక్కా అంటాను. ఈసారి నువ్వొస్తే నేనే వేస్తానంది. ఆదివారం బండి. పరాయి జుట్టు పెట్టుకెళ్తే పట్టుకోగానే తెలిసిపోతుందమ్మా."

సవరాలావిడ డబ్బా అందుకుంది.

ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. ఒక పాత సవరాన్ని విప్పి కట్టి, మళ్ళీ విప్పి నేర్చుకుంది. మొదట్లో తనూ సీసాలే వాడింది. జుట్టు అద్దంలా మెరిసేది, కొన్నవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. నెల తిరక్కుండా ఆ సవరాలు చిక్కులు పడి తిరిగొచ్చేవి. ఆ నున్నటి పూత మీద తన వేళ్ళకే మొదలూ కొసా తెలియడం లేదని అర్థం కావడానికి ఏడాది పట్టింది. అప్పట్నుంచి కుంకుడురసమే. మెరుపు తగ్గిందని కొందరు వేరే దుకాణం చూసుకున్నారు. చిక్కుపడి వెనక్కి వచ్చినవి మాత్రం లేవు.

"సీసా వంపితే అయ్యేదానికి నాచేత రాయి పట్టిస్తున్నావు," అంది అత్తగారు, గుమ్మం దగ్గర కాయలు చితక్కొడుతూ.

"కొట్టండత్తయ్యా. చెయ్యి పనిలో ఉంటే నోటికి విశ్రాంతి."

"నా నోటికి అలుపని నీకెవరు చెప్పారు?"

మొదటి కడుగుకు పూత చెక్కు చెదరలేదు. రెండో కడుగుకు బేసిన్‌లో నీళ్ళు నల్లబడ్డాయి. రాత్రంతా రసంలోనే నానబెట్టి మర్నాడు మళ్ళీ కడిగి నీడన ఆరేసింది. ఆరాక రంగు వెలిసి గోధుమరంగు తేలింది. ఒక వెంట్రుక తీసి నలిపింది. గింజంత దూరం పాకి ఆగింది. ఇంకోసారి కడిగింది. ఈసారి తిన్నగా పాకింది.

అక్కణ్ణుంచి ఒక్కొక్కటే. మొదళ్ళు ఎడమకు, కొసలు కుడికి.

"ఊడిపోయిందని ఆ అక్కతో చెప్పేస్తే పోలా?" అంది అత్తగారు. "ఉందని బొంకడమెందుకు?"

"జుట్టు ఆవిడదేగా. బొంకేముంది?"

"ఊడింది కదే."

"అందుకేగా కడుతున్నాను."

అత్తగారు రాయి ఆపింది. "నాకు మా అమ్మ వేసేది, కళ్ళు పైకి లాగేసేంత బిగువుగా," అని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

సవరాలావిడ జుట్టును మేకుల చెక్క మీద దువ్వి, కుచ్చు కుచ్చుగా దారానికి ముడేసి, మూడు పాయలు కట్టేసరికి శనివారమైంది. లైబ్రరీ మేడం చెప్పిన వేళకి వచ్చింది.

"కళ్ళు మూసుకుని పట్టుకోండి."

మేడం కళ్ళు మూసుకుంది. సవరం ఒళ్ళో పెట్టుకుని మొదళ్ళ నుంచి నిమిరింది. మూడు పాయలూ విడదీసి అల్లుకుంటూ వెళ్ళింది. కొసకు వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇక్కడ గరుగ్గా ఉంది."

"కొసలు ఇంకా కత్తిరించలేదు మేడం. ఒక్క నిమిషం, సమం చేసేస్తాను." సవరాలావిడ కత్తెర తీసింది. కొసలు సమం చెయ్యకుండా ఆమె ఇంతవరకూ ఒక్కటీ ఇవ్వలేదు.

"వద్దమ్మా, అలా వదిలెయ్. అక్క చెయ్యి ఇక్కడికొచ్చేసరికి రోజూ తిట్టేది, ఎలక కొరికినట్టుందే నీ జడ అని." మేడం కళ్ళు తెరవలేదు. కొసను గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుంది.

సవరాలావిడ కత్తెర పక్కన పెట్టింది. మేడం గుప్పిట వదిలేదాకా ఆగి, సవరాన్ని మెత్తటి నూలుగుడ్డలో చుట్టింది. మొదలు ఎటుందో తెలిసేలా ఆ వైపు దారం కట్టి, రెండు చేతులా అందించింది.

"తడితల మీద కట్టకండి మేడం. దువ్వేటప్పుడు కొసనుంచి పైకి రండి."