నట్టు మీద సున్నపు గీత

మా మేనమామ పోయాడు. ఈ మాట రాసి, మళ్ళీ చదువుకుని, ఇందులో ఎక్కడో పొరపాటుందని ఇప్పటికీ అనుమానిస్తున్నాను. నెల్లూరులో మా కాలేజీ గేటు దగ్గరికి కబురు తెచ్చిన మనిషిని, "లారీ కింద పడ్డాడా?" అని అడిగాను.

"కాదబ్బయా. లారీ దిగి, అరుగు మీద కూర్చోని, మంచినీళ్ళ చెంబు ఎత్తినాడు. అంతే."

ఆ 'అంతే' నాకు అర్థం కాలేదు. నేను బి.ఏ.లో తర్కశాస్త్రం చదువుతున్నవాణ్ణి.

మామయ్య కృష్ణపట్నం వైపు ఉప్పు పండించే కొఠార్ల నుంచి నెల్లూరు రైలు స్టేషనుకు ఉప్పు తోలేవాడు. యుద్ధమయ్యాక అమ్మేసిన పాత మిలిటరీ లారీ ఒకటి, దాని వెనక ట్రైలర్ ఒకటి. ట్రైలర్‌ను తగిలించే కొక్కేన్ని లారీకి నాలుగు బోల్టులు పట్టి ఉంచేవి. దేవుళ్ళు ఎందరున్నా, మామయ్య రోజూ వంగి చూసింది ఆ నలుగురినే.

ఇనుపసామాను అంగడిలో ఆయన బోల్టు ఎంచడం పెళ్ళిచూపుల కంటే నిదానంగా సాగేది. నట్టును వేళ్ళతోనే చివరిదాకా తిప్పేవాడు. మధ్యలో పట్టేసినా వద్దు, వదులుగా ఊగినా వద్దు.

"ఏమన్నా, దానికి పిల్లనిస్తా ఉండావా?" అని అంగడివాడు విసుక్కుంటే, "ప్రాణమే ఇస్తా ఉండా. పిల్లెంత?" అనేవాడు.

నట్టు వదులవకుండా దాని కింద వేసే స్ప్రింగు వాషరును ఒకసారి విప్పితే మళ్ళీ వేసేవాడు కాదు. "దాని రోషం ఒక్కసారికే" అనేవాడు. బిగించాక అత్త తమలపాకుల పెట్టెలోంచి వేలికొసన సున్నం తీసుకుని, నట్టు మీదుగా పక్కనున్న ఇనుప పలక దాకా ఒక గీత గీసేవాడు. తిరిగొచ్చాక ఆ గీత చూసేవాడు. నట్టు ఏ కాస్త కదిలినా గీత రెండుగా చీలిపోతుంది. వేలికి మిగిలిన సున్నం వీధి గుమ్మానికి తుడిచేవాడు. ఆ గుమ్మం అసలు రంగేమిటో మా తరంలో ఎవరికీ తెలియదు.

"నా మొహాన బొట్టుండాదో లేదో చూడడు గానీ, నట్టుకి మాత్రం దినామూ నామం పెడతాడు" అని అత్త గొణిగేది. సున్నం డబ్బీ మాత్రం ఎప్పుడూ ఎండనిచ్చేది కాదు.

అత్త తమ్ముడు కూడా ఆ లారీ నడిపేవాడు. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడుతున్నాయని, ఒకసారి పడవలు కట్టేవాళ్ళ దగ్గర ఇత్తడి బోల్టులు తెచ్చి బిగించేశాడు. బంగారంలా మెరిశాయి. మామయ్య ఒకదాన్ని విప్పి అరచేతిలో వేసి తూచి చూశాడు.

"పడవకి బాగుంటాదబ్బయా. ఇది ఉప్పుబండిని ఈడ్చాల. ఇత్తడి మెత్తన, సాగతాది."

"తుప్పు పట్టదు గదా బావా."

"తుప్పు కంటికి కనబడతాది. సాగేది చెప్పి సాగదు."

విప్పించిన ఇత్తడి బోల్టుల్లో ఒకటి అత్తకు ఇచ్చాడు. దానితోనే ఆమె ఇప్పటికీ వక్క నలగ్గొడుతుంది. ఇంత తెలిసిన మనిషి, తన లోపల ఏది సాగుతున్నదో ఎవరికీ చెప్పలేదు. తనకైనా తెలుసో లేదో.

పెద్దదినం, అంటే పెద్దకర్మ, అయిన మర్నాడు అత్త తమ్ముడు లారీ తియ్యబోయాడు. మబ్బు పట్టింది, కొఠార్లో ఉప్పు కుప్పలుగా ఉంది, ఆ ఇంటికి ఇక ఆధారం ఆ లారీయే. దాన్ని నడపడానికి మిగిలిందీ అతనొక్కడే.

"బోల్టులు చూసినావా?" లోపల్నించి అత్త అడిగింది.

"చూసినాలే అక్కా."

"ఏం చూసినావు?"

ఇప్పుడప్పుడే గడప దాటకూడదని పెద్దలంటున్నా, అత్త వాకిట్లోకి వచ్చి లారీ వెనక వంగింది. మూడు గీతలు తిన్నగా ఉన్నాయి. నాలుగోది చీలి ఉంది. ఆ రోజు మామయ్య లారీ దిగి, నీళ్ళు తాగి చూద్దామనుకున్నాడు కాబోలు.

విప్పితే బోల్టు మరలు సగం అరిగిపోయి ఉన్నాయి. తమ్ముడు దాన్ని వెలుతురుకు తిప్పి, అరిగిన మరల మీద వేలు పోనిచ్చాడు.

"రేకుపెట్టెలో కొత్తది ఎంచి పెట్టుంటాడు, చూడు" అంది అత్త. ఉంది. పక్కనే కొత్త వాషరూ ఉంది.

బిగించాక అత్త తనే సున్నం తీసి, నట్టు మీదుగా పలక దాకా గీసింది. మామయ్య గీత కంటే కొంచెం లావుగా వచ్చింది. లారీ కదిలి, ట్రైలర్ దాని వెనకే ఊగుతూ మలుపు తిరిగింది. అత్త గుమ్మం దాకా వచ్చి, వేలు తుడవబోయి ఆగింది. అక్కడ ఎక్కడ చూసినా మామయ్య వేలిగుర్తులే.

ఆ సున్నాన్ని ఆమె తుడుచుకోలేదు. అరుగు మీద కూర్చుని, వేలిమీదే ఆరనిచ్చింది.